తెల్లగుడ్డుకు పసుపు అంటదు

2019 మార్చి 27, బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నేను శిరీష ఎడమ చేతికి సెలైన్ సూది ఎక్కించాను. అక్కడ మొదలైన బరువును ఇన్నేళ్లుగా ఒక్కదాన్నే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. ఇంకా భయమే.

నేను నర్సును. కోడేరు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మందు సీసా మీద తేదీ చూడనిదే ఏనాడూ సూది పట్టలేదు. తర్వాత వనపర్తిలో బ్యూటీ పార్లర్ నడిపే ఒకామె వచ్చి, పెళ్లికూతుళ్లకు రంగు తేలే సెలైన్లు పెట్టాలి, వారానికి రెండు రోజులు వస్తే చాలంది. జీతం కోసం ఒప్పుకున్నానంటే మీరు నమ్ముతారు. నిజం అది కాదు. మళ్లీ ఎవరో ఒకరు 'సిస్టరమ్మా' అని పిలుస్తారని వెళ్లాను.

పార్లర్ గోడ మీద ఒక డాక్టరు పేరుతో బోర్డు ఉండేది. ఆ డాక్టరును నేను ఒక్కసారీ చూడలేదు. ఎవరికీ రక్తపరీక్ష లేదు, మందుచీటీ లేదు. ఎవరికైనా ఏదైనా అయితే ఏం చేయాలో చెప్పే మనిషి లేడు. మందు పెట్టె మీద ఒక దేశం పేరు, లోపలి సీసా మీద ఇంకో దేశం పేరు. గడువు తేదీ ఉండాల్సిన చోట గీకేసి ఉంది. చూశాను. చూసి కూడా ఎక్కించాను. ఎందుకు? అడిగితే ఆ పిలుపు పోతుందని. ఇంతకన్నా మంచి కారణం ఉంటుందేమోనని చాలా వెతికాను. దొరకలేదు.

శిరీష నేను పనిచేసిన ఊరి రైతుల పిల్ల. పుట్టింది నా చేతుల్లోనే, బరువు రెండు కిలోల ఆరు వందల గ్రాములు. సంబంధం కుదిరాక అబ్బాయి వైపు వాళ్లెవరో పిల్ల నలుపన్నారట. ఇంట్లో ఫేషియల్ అని చెప్పి వచ్చేది. "మా అమ్మకు చెప్పకు సిస్టరమ్మా, సూదంటే ఒర్రుతది, తిడ్తది" అని నవ్వేది. బుధవారం బుధవారం ఆరు పెట్టాను. ఆరోదాని నాడు అన్నం సయించడం లేదంది. ఎండలకు అలాగే ఉంటుందన్నాను.

మే 9, గురువారం నలుగు పెట్టారు. నన్నూ పిలిచారు. పిల్ల పీట మీద కూర్చుని ఉంది, ముఖం, మెడ, చేతులు అంతా పసుపు.

"పసుపు కొమ్ము లెక్క అయింది పోరి. పెండ్లిపిల్లగాడు గుర్తుపడ్తడో లేదో!" అని మేనత్త ఆట పట్టించింది. అందరూ నవ్వారు. శిరీష నవ్వలేదు, వెనక గోడకు ఒరిగింది. తల్లి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"సిస్టరమ్మా, దీని కండ్లు గూడ పచ్చగున్నయేంది? నాకు బుగులైతుంది. దవాఖానకు తోల్కపోవాల్నా?"

వంగి చూశాను. పసుపు చర్మానికి అంటుతుంది, గోళ్లకు అంటుతుంది, చీరకు అంటుతుంది. కంటి తెల్లగుడ్డుకు అంటదు. ఎన్ని కామెర్లు చూశాను నేను! ఒక్క చూపులో తెలిసిపోయింది. దవాఖానకు పోతే మొదట ఏ మందు వాడారని అడుగుతారు. ఆ తర్వాత ఎవరిచ్చారని.

"పసుపే. కండ్లల్ల పడ్డది. రెండు దినాలల్ల పోతది."

"నువ్వంటే సాలు నాకు" అంది తల్లి. ఆమె చేతి పసుపు నా చేతికి అంటింది.

ఆదివారం పెళ్లి. తలంబ్రాల దగ్గరే శిరీష వాంతి చేసుకుంది. మంగళవారానికి మాట తడబడింది. హైదరాబాదు తీసుకెళ్లారు. అక్కడి నుంచి తల్లి ఫోన్ చేసింది. ఏమన్నా మందులు వాడిందా అని డాక్టర్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారట. నాకేమన్నా తెలుసా అని అడిగింది. "తెల్వదు" అన్నాను. ఆ ఒక్క మాట అన్నాక ఫోన్ పెట్టేసి, తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను.

మే 21, మంగళవారం శిరీష పోయింది.

ఆ మందే చంపిందని నేను రుజువు చేయలేను. నలుగు నాడే నిజం చెప్పి ఉంటే బతికేదా? ఏమో. ఆ ఏమో చాటున ఎన్నాళ్లు దాక్కున్నానో నాకు తెలుసు. పార్లర్ నెలలో మూతపడి, గద్వాలలో ఇంకో పేరుతో తెరుచుకుంది. అడిగినవాళ్లు లేరు. ఇంటి ముందు జీపు ఆగితే పోలీసులేమోనని ఇప్పటికీ లైటు ఆర్పేస్తాను. అంతకన్నా భయం ఆ తల్లి వస్తే. పెళ్లి పనుల్లో పడి పిల్ల చేత బయటి నీళ్లు తాగించానని, వాటితోనే కామెర్లు వచ్చాయని, తనే చంపుకున్నానని నా ఒడిలో తల పెట్టి ఏడుస్తుంది. నేను వీపు నిమురుతాను.

పోయిన వారం మా కింది ఇంటి పిల్ల, పెళ్లికి ముందు తెల్లగయ్యే సూదులు వేసుకోవచ్చా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకంది. పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను. అందుకే ఇది రాశాను. ముందు ఆ పిల్లకే చదివి వినిపిస్తాను. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. అయినా ఇన్నేళ్లకు ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఊపిరి కొంచెం లోపలికి పోతోంది. దాన్ని క్షమ అనుకునేంత వెర్రిదాన్ని కాను.

పోయినవి ఇవి. శిరీష, ఇరవై రెండేళ్ల మూడు నెలలది. ఆమె కాపురం, తొమ్మిది రోజులు. నలుగుకూ దవాఖానకూ మధ్య నేను పోగొట్టిన ఐదు రోజులు. తన బిడ్డను తాను చంపలేదని నమ్మే హక్కు, ఒక తల్లిది.

నాది ఏమీ పోలేదు.