ఫిక్టీషియస్ అన్నాను

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఆ ఇంగ్లీషు మాటను ఫోనులో వెతికాను. ‘కల్పితం’ అని కొడితే ‘ఫిక్టీషియస్’ అని వచ్చింది. పలకడానికి బాగుందనిపించి, రైల్లో హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేదాకా లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

నా బయోడేటాలో ఉన్నది ఒకే ఒక్క ప్రాజెక్టు. ఆసుపత్రిలో రోగులకు టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాం. కోచింగ్ సెంటరులో నేర్చుకుంటూ నేనే రాశాను. అలాంటి ఆసుపత్రి మాత్రం ఎక్కడా లేదు. ఉందనే చెప్పమని సెంటరువాళ్లు నేర్పారు గానీ నాకు నోరు రాలేదు.

ఎదురుగా ఒకాయన, ఒకావిడ కూర్చున్నారు. ప్రాజెక్టు గురించి చెప్పమన్నాడాయన. “సార్, ఈ ప్రాజెక్ట్ ఫిక్టీషియస్,” అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన ఆవిడ వైపు చూసి నవ్వాడు. “ఫేక్ పెట్టినోళ్లను మస్తు చూసిన. గిట్ల మొకం మీదనే చెప్పినోళ్లను చూడలే,” అన్నాడు. ఏదో సర్దిచెప్పబోయాను. ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు. కాసేపటికే బయటికి పంపేశారు.

చందానగర్‌లో ఇంటికి చేరి నాన్నకు చెప్పాను. ఆయన ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. వింటుండగానే ఆయన ముఖం వాడిపోయింది.

“మా ఆఫీసులో దొంగ బిల్లుల్ని అలా అనేవాళ్లమ్మా. మోసం చేయడానికి పుట్టించినవని.”

ఒకసారి ఎవరో పెట్టిన దొంగ బిల్లు విషయంలో తననూ విచారణకు పిలిచారని, అందరి ముందూ ఆ మాటే అన్నారని చెప్పారు. తన తప్పేమీ లేదని తేలిందట. అయినా సిగ్గుతో అమ్మకు కూడా చెప్పుకోలేకపోయారట.

మర్నాడు ఆయనే పక్కన కూర్చుని ఆ కంపెనీకి మెయిల్ రాయించారు. ఊహించుకున్నది ఆసుపత్రిని మాత్రమేనని, పని నాదేనని. మళ్లీ రమ్మని ఇంటర్వ్యూలోని ఆవిడ జవాబిచ్చింది. ఈసారి తన ముందే ప్రోగ్రాంలో మార్పులు చేయమంది. చేసి చూపించాను. ఉద్యోగం వచ్చింది. నవ్వినాయనకు నేను గుర్తులేను. అయినా ఆయన లిఫ్టులోకి వస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఉద్యోగం సంగతి చెప్పిన సాయంత్రం, నాన్న అమ్మను పిలిచి తన విచారణ గురించి కూడా చెప్పేశారు.

“అప్పట్లో మీరు నాతో సరిగ్గా మాట్లాడేవారు కాదు. నా వల్లే ఏదో జరిగిందని ఇన్నాళ్లూ అనుకున్నానండి,” అంది అమ్మ.

నాన్న తల దించుకున్నారు. నేను అక్కడ కూర్చోలేక లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.