చూడని మనిషి బొమ్మ

అరవైల మొదట్లో నేను కావలిలో డ్రాయింగ్ మాస్టారిని. పిల్లల చేత మామిడికాయలూ కూజాలూ గీయించడం నా ఉద్యోగం. పాళీని సిరాలో ముంచి మనుషుల ముఖాలు గీయడం నా పిచ్చి. ముఖంలో భావం పట్టాలని నేను తాపత్రయపడేవాణ్ణి. గీయించుకునేవాళ్లకు మాత్రం మీసం సరిగ్గా వస్తే చాలు.

మా వీధి రైసుమిల్లు యజమాని ఒకరోజు కబురు పెట్టాడు. చనిపోయిన వాళ్ల నాన్నగారి బొమ్మ కావాలట. ఫొటో ఇమ్మన్నాను. ఆయన జన్మలో ఫొటో తీయించుకోలేదట. నేనూ ఆయన్ను చూసి ఎరగను. మీవంటి కళాకారులకు అదొక లెక్కా అన్నాడు మిల్లాయన. ఆ ఒక్క మాటకే పడిపోయాను.

ఇంటిల్లిపాదీ నా చుట్టూ కూర్చుని పోలికలు చెప్పారు. సింహంలాంటి చూపు అన్నాడు కొడుకు. వెన్నలాంటి చూపు అంది కూతురు. అల్లుడు ఆయన్ను పెళ్లిలో మాత్రమే చూశాడు కాబట్టి అందరికన్నా ఎక్కువ చెప్పాడు. పెన్సిలైతే చెరపవచ్చు, సిరా గీత పడితే పడినట్టే. ముక్కు చిన్నదన్నారు, పెంచాను. మరీ పెద్దదైందన్నారు, దానికి నప్పేలా గడ్డం పెంచాను. చివరికి అందరికీ నచ్చిన ముఖం ఒకటి తయారైంది. మిల్లాయన కళ్లు తుడుచుకుని, ఫ్రేము కట్టించి, బొట్టు పెట్టి దండ వేశాడు. ఆయన తల్లి మాత్రం బొమ్మను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. దుఃఖం అనుకున్నాం.

తద్దినం నాడు పోయినాయన తమ్ముడు వాకాడు నుంచి వచ్చాడు. పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా ఆ గడప తొక్కనివాడు, ఆ ఏడు ఎందుకో మనసు మార్చుకున్నాడు. వస్తూనే గోడవైపు చూసి నిలబడిపోయాడు. మేము ఆయన్నీ గోడనీ మార్చి మార్చి చూశాం. ముక్కు, గడ్డం, అనుమానపు చూపు, అన్నీ ఆయనవే. భావం పట్టడంలో అంతటి విజయం నాకు మళ్లీ దక్కలేదు.

"బతికుండంగానే దండేసినారే అబ్బాయా," అన్నాడాయన నెమ్మదిగా.

మిల్లాయన నావైపు చూశాడు. నేను వసారావైపు చూశాను. ఇంతలో తల్లి బయటికి వచ్చింది.

"నేను ఆ పొద్దే చూసినాను. మీకందరికీ అంత నచ్చినాక నేనెందుకు చెప్పేది?" అంది కొడుకుతో.

వాకాడు పెద్దాయన తన చేత్తోనే దండ తీసి, బొట్టు తుడిచి, బొమ్మ తనకిమ్మని అడిగాడు. తనను అంత దర్జాగా ఎవరూ చూపించలేదట. దాన్ని పక్కన ఆనించుకునే భోజనానికి కూర్చున్నాడు. గట్టు మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

ఆయన వెళ్లాక మిల్లాయన నన్ను వాళ్ల నాన్నగారిది ఇంకోటి గీయమన్నాడు. నేను నోరు తెరిచేలోపే తల్లి అడ్డుపడింది.

"వద్దులే నాయనా. ఆయన ఇంట్లో ఎప్పుడుండాడు, గోడ మీద ఉండేదానికి?"