చెట్టు కనబడే సీటు

2023 ఎండాకాలం. అశ్వారావుపేట శివార్లలో, పామాయిల్ గెలల ట్రాక్టర్లు పొద్దంతా తిరిగే రోడ్డు పక్కన మా సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు. యార్డంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, దాని కింద ఏడెనిమిది కార్లు, ఒక మంచినీళ్ల కుండ, నేను. మా ఆయన సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడిపి, రిటైరయ్యాక ఈ షెడ్డు వేశాడు. ఆయన పోయాక తాళాల గుత్తి నా కొంగుకు చేరింది. నా చదువు మూడో తరగతితోనే ఆగింది. అయినా ఇన్నేళ్లుగా బండ్ల మధ్యనే కూర్చున్నాను కదా, ఇంజన్ దగ్గితే అది ఉత్త జలుబో, పెద్ద రోగమో చెవికే తెలిసిపోతుంది.

చిన్నపిల్లలున్న ఇంటికి కారు అమ్మేటప్పుడు నాకో పద్ధతి ఉంది. సింగిల్ ఓనర్ బండి, అంటే మొదటి నుంచీ ఒక్కరి చేతిలోనే నడిచినది, ముందు చూపిస్తాను. కాళ్ల కింది మ్యాట్లు ఎత్తి చూడమంటాను. గోదారి వరదలో మునిగిన బండి పైకి ఎంత తళతళలాడినా మ్యాటు కింద ఒండ్రు దాచలేదు. వెనక సీటు బెల్టులు లాగి చూడమంటాను. అన్నీ అయ్యాక టెస్ట్ డ్రైవ్‌కు మగాడొక్కడే వస్తే తాళం ఇవ్వను. ఎక్కేవాళ్లంతా రావాలి, మోసేవన్నీ తేవాలి. ఖాళీ బండి ఎవరికైనా బాగానే నడుస్తుంది. సంసారం ఎక్కినప్పుడే దాని నిజం బయటపడుతుంది.

అట్లా ఒక ఆదివారం రమేష్ కుటుంబంతో వచ్చాడు. అతను ఇక్కడి ఆయిల్ మిల్లులో ఆపరేటర్. భార్య సునీత స్టాఫ్ నర్సు. ఆమెకు భద్రాచలం దవాఖానాకు బదిలీ అయింది. అక్కడే గది తీసుకుని ఉంటోంది, బండి చూడటానికని సెలవు పెట్టి వచ్చింది. ప్రతి శనివారం పిల్లలను తల్లి దగ్గరికి తీసుకుపోవడానికే ఈ కారు. మూడేళ్ల కొడుకు బన్నీతో ఏ చిక్కూ లేదు, ఎక్కించిన వెంటనే నిద్రపోతాడు. ఐదేళ్ల కూతురు మేఘనకే బస్సైనా కిరాయి కారైనా అడవి దారి మలుపుల్లో పడదు, భద్రాచలం చేరేదాకా వాంతులు. ఈ కారులోనూ అట్లాగే అయితే కొడుకును తీసుకుపోయి, కూతురిని నాయనమ్మ దగ్గర వదిలేద్దామని ఇంట్లో అనుకున్నారట. ఆ మాట పిల్ల చెవిన పడింది. నల్ల పాలిథీన్ కవరొకటి మడత పెట్టి పిడికిట్లో పట్టుకుని, కార్లకు దూరంగా నిలబడి ఉంది.

నేను చెప్పినట్టే బియ్యం బస్తా, నీళ్ల టిన్ను తెచ్చారు. సునీత అత్తగారు పంపిందని బుట్టలో ఒక కోడిపెట్ట కూడా వచ్చింది.

"పెద్దమ్మా, ఈ తెల్లదే ఖాయం. పైన అద్దం తెరుచుకుంటది సూడు," అన్నాడు రమేష్.

"ఆకాశం సూడనీకి కారెందుకయ్యా? వాకిట్ల మంచమేసుకుంటే సాలదా?" అంది సునీత.

నిజానికి ఆ తెల్ల బండి మీద నాకూ మోజే. ఎత్తైన బండి, అడవి దారి గుంతల్లో అడుగు తగలదు. టైర్లు కొత్తవి. కొనేవాళ్లకు ఇంపుగా ఉంటుందని లోపల మల్లెపూల సెంటు కూడా పెట్టాను. అందరూ ఎక్కారు, మేఘన తప్ప.

"నేనెక్క," అంది.

"ఎందుకెక్కవే?"

"కక్కుకుంట."

"కక్కుకుంటే కడుగుతం. బండి నాది, నీకేంది? ఎక్కు."

పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వెక్కుతవా, నా పక్కకు?"

నేనెప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటాను. ఇంజన్ చప్పుడు వినాలి, నడిపేవాడి చెయ్యి చూడాలి. ఆ రోజు మాత్రం సునీతను ముందు కూర్చోమని, వెనక ఇద్దరు పిల్లల మధ్యలో ఇరుక్కున్నాను. ఎక్కేముందు చైల్డ్ లాక్ కూడా నేనే వేశాను. వెనక తలుపు అంచున ఉండే చిన్న మీట అది. వేస్తే లోపలున్న పిల్లలు ఎంత లాగినా తలుపు తెరుచుకోదు.

దుమ్ము వస్తుందని అద్దాలన్నీ ఎత్తించాను.

"ఏసీ ఎయ్యాల్నా పెద్దమ్మా?"

"పెట్రోలు దండగ. ముందు బండి ఎట్ల గుంజుతదో సూడు."

అడవి మొదలైంది. ఒక మలుపు, ఇంకో మలుపు. ఎత్తు బండి కదా, వంపు తిరిగినప్పుడల్లా మమ్మల్ని ఒక పక్కకు ఒరిగించి మళ్లీ ఎత్తేస్తోంది. ఉక్కపోత, మల్లెపూల సెంటు, కాళ్ల దగ్గర కోడి. మేఘన పెదాలు బిగించి కూర్చుంది. ఆమెను గమనిస్తూ గమనిస్తూ ఉన్నట్టుండి నేనే రమేష్ సీటు మీద చరిచాను.

"ఆపు! బండాపు!"

"అయ్యో, పిల్లకైందా?" సునీత వెనక్కి తిరిగింది.

పిల్లకు కాదు, నాకు. మేఘన మీదుగా వంగి తలుపు లాగాను, రాలేదు. మళ్లీ లాగాను. నేను వేసిన చైల్డ్ లాక్ నన్నే పట్టుకుంది. రమేష్ దిగి పరుగెత్తుకు వచ్చేలోపే నల్ల కవరు నా ముఖం ముందు విచ్చుకుంది.

"ఇండ్ల, అవ్వా, ఇండ్ల! బయట పడనీయకు!"

ఇంకేం చెప్పను. పడనీయలేదు. పిల్ల ఒక చేత్తో కవరు పట్టుకుని ఇంకో చేత్తో నా వీపు రాస్తోంది. బన్నీ చప్పట్లు కొట్టి "అవ్వ కక్కింది! అవ్వ కక్కింది!" అని అరుస్తున్నాడు. కోడి వాడికి వంత పాడింది.

"కండ్లు మూసుకోకు అవ్వా. దూరంగ చెట్టును సూడు, తగ్గుతది. మా అమ్మ గట్లనే చెప్తది," అంది మేఘన. కాసేపాగి, "కానీ నాకు చెట్టు కనబడది. సీటే కనబడతది," అంది.

నేను నడుం వంచి, ఆ పిల్ల తల పక్కన తల పెట్టి చూశాను. ముందు సీటు వీపు గోడలా ఉంది. పక్క అద్దం అంచు ఆమె కళ్ల కంటే పైన ఉంది. తల్లి చెప్పిన మందు మంచిదే, కానీ వేసుకోవడానికి పిల్లకు దారే లేదు.

ఏసీ వేయించి, మెల్లగా నడిపించి యార్డుకు తిరిగి వచ్చాం. సెంటు డబ్బా బండిలోంచి తీసేశాను. పారేయడానికి మనసొప్పక స్నానాలగదిలో పెట్టుకున్నాను. తర్వాత రమేష్‌ను, సునీతను నీడన కూర్చోబెట్టి, మేఘనా నేనూ ఒక్కో కారు వెనక సీటెక్కాం. రోడ్డవతల వేపచెట్టు మాకు గురి.

"కనబడుతోందా?"

"ఊహూ."

"దీంట్ల?"

"కొమ్మలు కనబడుతున్నయ్."

షెడ్డు చివర బూడిద రంగు బండి ఒకటి ఉండేది. పాత మోడల్, ఎత్తు తక్కువ, ఒక తలుపు మీద సొట్ట. ఎవరూ అడగడం లేదని వెనక్కి నెట్టేశాను. అద్దాలు మాత్రం పెద్దవి, కిందికి దిగినవి. దాంట్లో బూస్టర్ సీటు వేశాను. అది పిల్లలను కాస్త ఎత్తులో కూర్చోబెట్టే పీట లాంటిది. అది ఉంటే బెల్టు మెడకు ఒరుసుకోకుండా భుజం మీదుగా వస్తుంది. మేఘన ఎక్కి కూర్చుంది.

"అవ్వా, చెట్టంత కనబడుతోంది! కింద మేక కూడ!"

రమేష్ ముఖం మాడింది. "గిదా పెద్దమ్మా? మా దోస్తులు నవ్వుతరు."

"నీ దోస్తులు కూసునేది ముందు సీట్ల. సొట్ట ఉన్నది, రంగు పోయింది. అవి నేనే చెప్తున్న. ఇంజన్, బ్రేకులు, బెల్టులు నువ్వే సూస్కో. బాగలేకుంటే వద్దని చెప్పు."

అతను అన్నీ చూశాడు. వంక దొరకలేదు. మళ్లీ అందరం ఎక్కాం, కోడితో సహా. ఈసారి ఏసీ వేసుకుని, మలుపుల్లో బ్రేకు తొక్కకుండా ముందే నిదానించి పోయాం. మేఘన వరుసగా చెబుతూనే ఉంది: మేకలు, కోతి, గెలల ట్రాక్టరు, ఇంకో కోతి. అడవి చెక్‌పోస్టు దాకా పోయి, ఇక చాలని రమేష్ బండి తిప్పబోయాడు.

"నాన్నా, అమ్మ దవాఖానా ఇంకెంత దూరం?"

"ఇంక శానా ఉన్నది బిడ్డా."

"అయితే తిప్పుతున్నవేంది? పోదాం పా."

సునీత ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. రమేష్ బండి పక్కకు ఆపి నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, గీ బండే," అన్నాడు.

ఆ ఎండాకాలం నుంచి నా పద్ధతికి ఒకటి కలిసింది. ఏ బండి వచ్చినా ముందు వెనక సీటెక్కి, పిల్లల ఎత్తుకు వంగి, వేపచెట్టు కోసం చూస్తాను. పెద్దవాళ్లు ఎదుట నిలబడి చూసే బండి వేరు, పిల్లలు లోపలి నుంచి చూసే బండి వేరు. పెట్రోలు పోతే పోయిందని ఏసీ కూడా వేయిస్తున్నాను. నన్నెరిగినవాళ్లు ఇది నమ్మరు.

కొన్ని శనివారాలు గడిచాక, ఒక ఆదివారం సాయంత్రం బూడిద రంగు బండి యార్డు ముందు ఆగింది. మేఘన దిగి, నిండుగా ఉన్న నల్ల కవరు నా చేతిలో పెట్టింది. నేను చెయ్యి చాచి దాన్ని దూరంగా పట్టుకున్నాను. విప్పి చూస్తే తునికిపండ్లు. దారిలో కొన్నారట.

"పండ్లు తిని కవరు దాచిపెట్టుకో అవ్వా," అంది మేఘన. "నాకిప్పుడు అక్కర లేదు. నీకే పనికొస్తది."