నాన్న వదిలిన కుట్లు

సినిమా హాల్లో టికెట్లమ్మే ఆ అమ్మాయిని తోటివాళ్లు దూదిపింజ అనేవారు. మనిషి బొద్దుగా ఉండేది కాబట్టి ఆ వెటకారం. అక్కడ తనూ నవ్వేసేది. ఇంటికొచ్చి, ముఖం కడుక్కునే నెపంతో ఏడ్చేది. గోడ పల్చన. అవతల కుట్టుమిషను తొక్కుతున్న దర్జీ తండ్రికి అంతా వినబడేది. తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే.

ఒకరోజు ఆ అమ్మాయి చక్కెర డబ్బా అటకెక్కించింది. టీలోకి చక్కెరకు బదులు వేసే తీపి బిళ్లలు, దాహానికి చక్కెర లేని కూల్‌డ్రింకులు.

"ఇవి ఎంత తాగినా ఒంటికి పట్టవు నాన్నా!" అని మురిసిపోయేది. ఆ ధీమాతోనే సాయంత్రం రొట్టెకు వెన్న ఇంకాస్త దట్టంగా పట్టించేది.

కొన్నాళ్లకు యూనిఫాం చొక్కా బిగుసుకుంది. బొత్తాం పట్టక అవస్థ పడుతున్న కూతుర్ని దర్జీ గుమ్మంలోంచి చూశాడు. ఇస్త్రీ చేస్తానని చొక్కాలు తీసుకెళ్లి, పక్కకుట్లు విప్పి, లోపలి మడతలో దాగిన గుడ్డ వదిలి మళ్లీ కుట్టాడు.

"నాన్నా, వదులైంది చూడు!" అంటూ మర్నాడు నవ్వుతూ గిర్రున తిరిగింది.

"అవునమ్మా, చిక్కిపోయావు."

ఆ నవ్వు చూశాక ఆపలేకపోయాడు. బిగిసినప్పుడల్లా వదులు చేశాడు. మడతలో గుడ్డ అయిపోతే, అదే రంగు ముక్క వెతికి చంక కింద అతికాడు.

ఆ ఏడాది హాలువాళ్లు అందరికీ వైద్యపరీక్షలు చేయించారు. తోటివాళ్ల ముందే కాటా ఎక్కింది. పోయినేడాది కన్నా తొమ్మిది కిలోలు ఎక్కువ.

"మీ కాటా చెడిపోయింది డాక్టరుగారూ. చక్కెర మానేసి తీపి బిళ్లలే వేసుకుంటున్నాను. నా బట్టలు చూడండి, ఎంత వదులయ్యాయో!"

వెనక అందరూ గొల్లుమన్నారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "తీపి బిళ్ల ఒక్కటే బరువు తగ్గించదమ్మా. మిగతా తిండి కూడా చూసుకోవాలి," అని మెల్లగా చెప్పింది.

ఇంటికొచ్చి చొక్కా తిరగేసింది. పాత సూది రంధ్రాలు వరసగా కనిపించాయి.

"వాళ్లంటే పరాయివాళ్లు. నువ్వు కూడానా నాన్నా?"

"నీ ఏడుపు వినలేకపోయానమ్మా..."

"నువ్వొక్కడివైనా నిజం చెప్తావనుకున్నాను."

ఆ వారమే హాస్టల్లో చేరింది. డాక్టరమ్మ చెప్పినట్టు తింటూ, నడుస్తూ కొద్దికొద్దిగా తగ్గింది. ఆదివారాలు తండ్రిని చూడ్డానికి వస్తుంది, అన్నీ రెడీమేడ్ బట్టలే. మొన్న చొక్కా చేతి అంచున దారం వేలాడుతుంటే దర్జీ అలవాటుగా కత్తెర అందుకున్నాడు.

"వద్దు నాన్నా," అంది, కోపం లేకుండానే. దారం తనే పంటితో కొరికేసింది.

ఆయన కత్తెర మిషను మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.