పద్మనాభయ్య ఇంటి బేరం

పొలం అమ్మిపెట్టమని అడగండి, నెల తిరక్కుండా అమ్మిపెడతాను. ఎద్దుల జత అయినా సరే, కొబ్బరితోపు అయినా సరే. ఇల్లు మాత్రం నా దగ్గరికి తేవద్దు. ఆ రోజుల్లో మా అల్లూరులో ఇల్లున్నవాడికి రెండో ఇల్లు అక్కర్లేదు, ఇల్లు లేనివాడికి కొనే తాహతు లేదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఎవడైనా వరి పండే కయ్య కొంటాడు గానీ గోడలు కొంటాడా? రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి, నాకు తెలియని సంగతా ఇది? తెలిసి తెలిసి వెంకటశేషమ్మ ఇంటి బేరంలో వేలు పెట్టాను. ఆ పాపం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

వెంకటశేషమ్మ నాకు వరసకు వదిన. ఆమె పెనిమిటి పద్మనాభయ్య సరుగుడు కట్టె వ్యాపారం చేసేవాడు. సముద్రం ఒడ్డు తోపుల్లో కట్టె కొట్టించి, బకింగ్‌హాం కాలువలో పడవలకెత్తి మద్రాసు తోలేవాడు. యాభై ఎనిమిదో సంవత్సరం కార్తీకంలో అట్లాగే రెండు పడవల సరుకు వేసుకుని పోయాడు. మద్రాసులో పడవ ఆగగానే, డిపో దాకా పోయొస్తాను, అన్నం వండి ఉంచమని పడవ మనిషి ఆదెయ్యతో చెప్పి గట్టెక్కాడట. అంతే, ఆ ఎక్కడం ఎక్కడమే. డిపోకు పోలేదు, పడవకు రాలేదు. ఆ అన్నం మర్నాటి దాకా మూతపెట్టి ఉంచి, పాసిపోతే కాలువలో పోశామని ఆదెయ్య చెప్పాడు. నేనూ ఆయన పెదనాన్న కొడుకూ రెండుసార్లు మద్రాసు పోయి ఆస్పత్రులూ పోలీసు ఠాణాలూ కాళ్ళరిగేలా తిరిగాం. మనిషి పోయాడని చెప్పినవాడు లేడు, ఉన్నాడని చెప్పినవాడూ లేడు.

పిల్లలు లేరు. ఆ ఇంట్లో వదిన ఒక్కతే మిగిలింది. పెద్ద ఇల్లు, ముందు వాకిలి, చుట్టూ వసారా. రెండేళ్ళు ఎట్లా గడిపిందో గడిపింది. అరవైలో ఒకనాడు మా ఇంటికొచ్చి, నా భార్య పీట వేసినా కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"ముత్యాలయ్యా, ఇంక ఆ ఇంట్లో నా వల్ల కాదు. వీధిలో ఎవరు నడిచినా ఆయన అడుగేననిపిస్తాది. వంట చేస్తున్నా చెవి వాకిట్లోనే ఉంటాది. అమ్మిపెట్టు అబ్బయా, కావలికి పోతా."

కావలిలో ఆమె అక్క స్టేషను దగ్గర భోజనం హోటలు నడుపుతోంది. చెల్లెలు కాస్త పెట్టుబడి తెస్తే వాటా ఇచ్చి దగ్గర పెట్టుకుంటానని ఎప్పటినుంచో అంటోంది. వదిన చేతి వంట సంగతి నాకు తెలుసు, ఆమె వంకాయ పులుసుకు రైలే ఆగుతుంది. ఆమెకు కావలసింది ఆ వాటా ఒక్కటే కాదు. నలుగురు తిని లేచే సందడిలో, తలుపు చప్పుడు వినపడని చోట బతకాలని. అది దక్కాలంటే ఇల్లు అమ్ముడుపోవాలి. సరే, అమ్మిపెడతానని పెద్ద మనిషిలాగా మాట ఇచ్చాను.

మాటైతే ఇచ్చాను గానీ కొనేవాడేడీ? ఒకాయన వచ్చి బావి నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పన అని ఊశాడు. సముద్రం పక్కన బావిలో పానకం ఊరుతుందా? ఇంకొకాయన వంటిల్లు ఆ మూల ఉండకూడదన్నాడు. మరొకాయన దూలాలన్నీ వేలితో కొట్టి చూసి, వెంట తెచ్చిన ఇంటిల్లిపాదికీ మజ్జిగ పోయించుకుని, ఆలోచించి చెబుతానని పోయి ఆరేళ్ళయినా ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఒకసారి వచ్చిపోయినవాళ్ళు బజారులో నన్ను చూస్తే ముఖం చాటేసేవాళ్ళు. ఏటికేడాది ధర తగ్గించుకుంటూ వచ్చాం, ఇల్లు పాతబడుతూ వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ఇంట్లో పద్మనాభయ్య ఒక ఎత్తు. వదిన ప్రతి శుక్రవారం ఆయన చొక్కా ఒకటి ఉతికి వాకిట్లో ఆరేసేది. చెప్పులు గడప పక్కన తుడిచిపెట్టేది. విడవలూరు నుంచి వచ్చిన ఒక రైతు అవి చూసి, ఇంటాయన లోపల ఉన్నాడనుకుని ఎదురుచూస్తూ గంటసేపు అరుగు మీద కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఇంటాయన యాడికి పోయినాడమ్మా?"

"మద్రాసు పోయినాడు, వస్తాడు."

"ఎప్పుడు పోయినాడు?"

"మొన్న కార్తీకానికి నాలుగేళ్ళు."

ఆ రైతు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కండువా దులుపుకుని, చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు. నాకు మండుకొచ్చింది. ఎవరన్నా వచ్చేరోజుకి ఆ చెప్పులు, చొక్కా లోపల పెట్టరాదా అని వదిన మీద కేకలేశాను. ఆమె నావంక చూసిన చూపు చెప్పలేను. ఇల్లు అమ్మమన్నానే గానీ ఆయన్ని అమ్మమన్నానా అంది. నేను ఆ చెప్పుల పక్కనుంచే వచ్చేశాను.

అరవై ఆరులో మాలకొండయ్య వచ్చాడు. పైసా బాకీ పెట్టడని పేరున్న వడ్ల వ్యాపారి. అల్లూరులో కొట్టు పెట్టాలని చూస్తున్నాడు. భార్యను వెంటబెట్టుకొచ్చి ఇల్లంతా చూపించాడు. బావిని, వంటింటి మూలని పల్లెత్తు మాట అనలేదు. చెప్పిన ధరకు ఒప్పుకుని బయానా కూడా నా చేతిలో పెట్టాడు. ఒక్కటే పేచీ. ఇల్లు పద్మనాభయ్య పేరున ఉంది. ఆయన సంతకమన్నా కావాలి, ఆయన లేడన్న రుజువన్నా కావాలి. రేపు ఎక్కణ్ణుంచో ఊడిపడి నా ఇల్లు అంటే తన గతేమిటన్నాడు. అందులో తప్పేముంది?

ఆరేళ్ళ తర్వాత దొరికిన బేరం. నా బుర్ర గుర్రంలా పరుగెత్తింది. ఏడేళ్ళు జాడ తెలియని మనిషిని చట్టం పోయినవాడి కిందే చూస్తుంది, ఎనిమిదో ఏడు నడుస్తోంది. కర్మ జరిపించేస్తే మునసబు కాగితం రాసిస్తాడు, భార్యే వారసురాలు, ఆమె సంతకం చెల్లుతుంది. ఇదంతా గుక్కతిప్పుకోకుండా వదినకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. ఏరుతున్న చేట పక్కన పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది.

"మరి ఆయనొస్తే?"

వస్తే అంతకన్నా మంచిది ఏముంది వదినా అన్నాను. నా నోట్లో మన్నుపడ, అదొక జవాబా! నాలుగు రోజులు ఆమె వీధిలోకి రాలేదు. ఐదోనాడు, అక్క కావలి నుంచి మళ్ళీ కబురంపిందనీ, నువ్వు చెప్పినట్టే కానిమ్మనీ చెప్పి పంపింది.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. శరీరం దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. పురోహితుడు మంచివాడు. ఇంటి దగ్గర ఏ హంగూ వద్దు, తెల్లవారుజామున కాలువ గట్టున కానిచ్చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. దస్తావేజులు రాసేవాడి బుద్ధి నాది, ఏ పనికైనా సాక్షులుండాలి. గట్టున నలుగురం చేస్తే రేపు కోర్టులో ఎవడు నమ్ముతాడు? ఊరంతా చూడాలి, ఆ తర్వాత ఒక్కడూ వేలెత్తి చూపకూడదు. అందుకని బొమ్మను ఆ ఇంటి నట్టింట్లోనే పడుకోబెట్టించాను. ఆయన చొక్కానే కప్పించాను. పాడె కట్టించి, పట్టపగలు సింహద్వారం గుండా మోయించి, డప్పులతో వీధి వీధంతా తిప్పి తీసుకుపోయాం. పెదనాన్న కొడుకు నిప్పు పెట్టాడు. పిడికెడు గడ్డి, అరక్షణంలో బూడిదైపోయింది.

పదోరోజున కాలువ దగ్గర వదిన గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు గానీ ఆమె ఏడవలేదు. ఎవరికో జరుగుతున్నట్టు చూస్తూ కూర్చుంది. నేను గట్టు మీద నిలబడి, రిజిస్ట్రేషనుకు ఏ రోజు బాగుంటుందా అని లెక్కవేస్తున్నాను. అంతటి మనిషిని నేను.

రిజిస్ట్రేషను రోజున స్టాంపు కాగితాలు తెచ్చి పెట్టుకుని కూర్చున్నాను. మాలకొండయ్య వచ్చాడు గానీ వరండా ఎక్కలేదు. మెట్ల కిందే నిలబడి తల గోక్కుంటున్నాడు. ఇంట్లో ఆడది ఒప్పుకోవడం లేదన్నాడు. ధనిష్ఠాపంచకం భయం పట్టుకుందట ఆమెకు. చెడ్డ నక్షత్రంలో పోతే ఆ ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి, అది అందరూ ఎరిగిందే. ఏ నక్షత్రమో తెలిస్తే ఎన్ని నెలలో లెక్క ఉంటుంది, శాంతి ఉంటుంది. ఈయన ఎప్పుడు పోయాడో, ఏ నక్షత్రంలో పోయాడో ఎవరికి తెలుసు?

నేను కోపం ఆపుకుని, పోయింది ఎక్కడో, ఈ ఇంట్లో కాదు గదా అన్నాను.

"పోయింది యాడైనా కానీ ముత్యాలయ్యన్నా, శవం లేచింది ఈ గడపలోంచే గదా. మీరే ఊరంతా తిప్పి చూపించినారు. నేను గూడా చూసినా."

నా సాక్షి నాకే ఎదురు తిరిగాడు. బయానా వెనక్కి ఇచ్చేశాను.

ఇంక ఆ ఇంటి గురించి కథలు మొదలయ్యాయి. పాలమ్మే పేరమ్మ, అరుగు మీద ఎవరో గొంతు సవరించుకున్నారని పాలచెంబు వీధిలోనే పెట్టి పరుగెత్తింది. సరుగుడు కట్టె వాసన వస్తోందని పక్కింటివాళ్ళు ఆ వైపు కిటికీ మూసేశారు. కాలువ గట్టు మీద నుంచి వస్తూ ఆయన తలుపు తోసుకుని లోపలికి పోవడం కళ్ళారా చూశానని ఒకడు ప్రమాణం చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎనిమిదేళ్ళు మనిషి కనపడకపోతే ఒక్కరూ చూడలేదు. పిడికెడు గడ్డి కాల్చేసరికి అందరికీ కనపడుతున్నాడు! ఇంక ఆ ఇల్లు ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాడు లేడు. కావలి అక్క చూసి చూసి ఆ వాటా వేరేవాళ్ళకి ఇచ్చేసింది.

ఆ కబురు తెలిసిన మర్నాడు వదిన ఆఫీసుకు వచ్చింది. వరండా స్తంభం పక్కన కూర్చుంది. ఆ బోసి నుదురు చూడలేక నేను కలం పాళీ తుడుస్తూ ఉన్నాను.

"మాలకొండయ్య బయానా ఆయనకిచ్చేసినావా?"

ఇచ్చేశానన్నాను.

"బేరం పోయింది గాబట్టి ఎవరిది వాళ్ళకిచ్చినావు. మరి నాది నాకెవరిస్తారు అబ్బయా?"

కోప్పడి అడిగినా బాగుండేది. నిజంగానే ఏదో కాగితం ఉంటుందేమో, రాయించుకుపోదామన్నట్టు అడిగింది. ఎవరేది చెప్పినా రాసిపెట్టే చెయ్యి నాది, ఆ కాగితం మాత్రం దానికి రాయడం రాదు. తప్పు నాదేనన్నాను. మా ఇంటికి వచ్చి ఉండు వదినా, ఆ ఇంట్లో ఒక్కదానివే ఉండొద్దు అని బతిమాలాను.

"ఒక్కదాన్నే యాడ? ఆయన ఇంట్లోనే ఉండాడని ఊరంతా చెప్తుండారు గదా. ఉంటే మరి నా బొట్టెందుకు తీసేసినారు?"

లేచి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున వదిన రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, చేతినిండా మట్టిగాజులు వేసుకుని వీధి వాకిలి ఊడ్చింది. ఆడవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. పెద్దమనుషులు నా దగ్గరికొచ్చి, ఇదేం విడ్డూరం, నువ్వు చెప్పరాదా అన్నారు. మీరే చెప్పండన్నాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. చెప్పాలంటే ఆ ఇంట్లో ఎవరూ లేరని ఒప్పుకోవాలి. ఆ మాట ఒప్పుకుని ఉంటే ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయేది.

మునసబు రాసిచ్చిన కాగితం నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఆమెకిచ్చేద్దామని ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం పోయాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. నడిమింటి గడపకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వదిన మజ్జిగ తెచ్చింది. మనిషి తేటగా ఉంది, ముఖంలో వెనకటి బెదురు లేదు. వాకిట్లో చొక్కా ఆరుతోంది. అది పాడె మీద కప్పింది కాదులే, వేరేది. కాగితం తీసి ఇచ్చాను. చదవను కూడా లేదు, మడిచి పొయ్యిలో పెట్టి వచ్చింది. ఇల్లు ఇంక ఎవరికీ చూపించొద్దంది. తర్వాత లోపలి గదివైపు తిరిగి, మామూలు గొంతుతో చెప్పింది.

"ముత్యాలయ్య వచ్చినాడు. ఒకసారి ఇట్టా రా."

చెప్పి, ఆ గదివైపే చూస్తూ నిలబడింది. వదిన ముఖంలో నవ్వు చూస్తే ఎవరో నిజంగానే లేచి వస్తున్నట్టుంది. నాకు దయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు. పంచకాలని పేరమ్మలని తిట్టిపోసినవాణ్ణి. ఆ దర్భల బొమ్మ కట్టడానికి దారం తెచ్చి ఇచ్చినవాణ్ణి, అందులో ఏముందో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

అయినా గడపకు అడ్డంగా ఉన్న నా కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. పక్కకు జరిగి దారి ఇచ్చాను.