సన్నవంశపు కోడికి కొవ్వెలా పట్టింది

నవ్వకుండా వినండి. మూడు నెలల నా పీహెచ్‌డీ పని మొన్న ఆదివారం మా అత్తగారి పెరట్లో, ఒక కోడిని కోయగానే అయిపోయింది!

నా పని కోళ్ళ మీద. తిన్నది కొందరికి ఒంటికి పడుతుంది, కొందరికి పట్టదు చూడండి, కోళ్ళలోనూ అంతే. కొవ్వు పొట్టలో పేరుకుంటే దండగ. కండలో సన్నగా సర్దుకుంటే కూర మెత్తగా, రుచిగా ఉంటుంది. ఎక్కడ ఎంత పట్టాలో నిర్ణయించే జన్యువులేవో నేను తేల్చాలి. అందుకని రెండు వంశాల కోడిపిల్లల్ని తెచ్చాను. కొవ్వు పట్టే వంశానికి కాలికి ఎర్ర రింగు, సన్నవంశానికి నీలం రింగు. మధ్యలో వల కట్టి, రెండిటికీ ఒకే మేత, అదీ కొలిచి. మేత ఒకటే అయినప్పుడు తేడా వస్తే అది పుట్టుకతో వచ్చిందే కదా.

కాలేజీలో షెడ్డు రిపేరు. కోనసీమలో, ఉప్పలగుప్తంలో మా అత్తగారి పెరడు ఖాళీ. కోళ్ళని అక్కడే దింపాను.

"అత్తయ్యగారూ, డబ్బాతో కొలిచిన మేత తప్ప ఒక్క గింజ కూడా వేయకండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి అల్లుడుగారూ. మీరు చెప్పేక వేస్తానా అండీ?"

అంత మర్యాదగా ఒప్పుకున్న మనిషిని మళ్ళీ మళ్ళీ అడిగితే ఏం బాగుంటుంది? అడగలేదు.

ప్రతి ఆదివారం వెళ్ళి తూకం వేసేవాణ్ణి. పన్నెండో వారానికి నీలం రింగులు ఎర్ర రింగుల్ని దాటేశాయి! నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. కోనసీమ నీళ్ళో, ఉప్పుగాలో, ఏదో ఒక జన్యువుని నిద్ర లేపిందని తీర్మానించేసుకున్నాను. మా గైడు మేడమ్‌కి ఫోన్ చేసి, "మీరొచ్చి కళ్ళారా చూడాల్సిందే" అన్నాను. ఆవిడ నిజంగానే వచ్చేశారు.

గ్లవ్స్ వేసుకుని ఒక నీలం రింగు కోడిని కోశారు. పొట్ట నిండా పచ్చటి కొవ్వు.

"చూశారా మేడమ్!"

ఆవిడ కోడి మెడ కింద మేత సంచి కూడా కోశారు. అందులో తెల్లగా కొబ్బరి కోరు.

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏం చెయ్యమంటారండీ? అవతలవి నిగనిగలాడుతుంటే ఇవి బక్కచిక్కిపోయేయండి. చూళ్ళేకపోయేను. రోజూ చారెడు కొబ్బరి, కాసిని నూకలు, అంతేనండి. మనింటికొచ్చినవి చిక్కిపోతే నాకు పరువు తక్కువ కాదాండీ?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది, నిజం. కానీ ఆవిణ్ణి ఏమనను? వారం వారం బరువు చూశానే గాని, ఒక్కపూట నిలబడి అవేం తింటున్నాయో చూడలేదు. మళ్ళీ గుడ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఏడుపొక్కటే తక్కువ.

"తిండి సంగతి కనుక్కోకుండా అంతా జన్యువుల మీదకి తోసేయడం చాలా సులువయ్యా" అన్నారు మేడమ్. అంటూనే నా చొక్కా గుండీల వైపు చూశారు. "పెళ్ళయ్యాక నువ్వూ బాగా లావయ్యావే?"

"అది మా వంశంలోనే ఉంది మేడమ్" అన్నాను గంభీరంగా.

టీ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడ్డ మా ఆవిడ ఊరుకోవచ్చు కదా!

"అదేంటండీ, మావయ్యగారు రివటలా ఉంటారు కదా?"