రంగం నోటుతో బోణీ

నా చిన్నప్పుడు, పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో, రంగం నుంచి ఓడల్లో తిరిగొచ్చిన మనవాళ్లు నరసన్నపేట బజారులో తరచూ కనిపించేవారు. రంగూన్‌ను మావైపు అలాగే అంటారు. బర్మాను పట్టుకున్న జపాన్ వాళ్లు అక్కడ సొంతంగా రూపాయి నోట్లు అచ్చువేశారు. వాళ్లు ఓడిపోగానే అవి చిత్తుకాగితాలయ్యాయి. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్లకు కూలిగా దక్కినవి మాత్రం అవే.

ఒక పొద్దున మా తాతయ్య కిరాణా కొట్టు తెరిచి దీపం పెట్టాడో లేదో, ఒకామె రొప్పుతూ వచ్చింది. భుజం మీద జ్వరంతో మూలుగుతున్న పిల్ల, చేతిలో గుడ్డమూట. మూట నిండా గోపురం బొమ్మ ఉన్న రంగం నోట్లు. అప్పటికే కొట్టుకొట్టుకీ తిరిగి వచ్చిందట.

"తీసుకో బావా, పొట్లాలు కట్టుకోడానికి పనికొస్తాయి!" అని ఎదురుకొట్టాయన నవ్వాడు.

తాతయ్య నోట్ల వంక చూడనేలేదు. "పాపకి ఏటయింది తల్లీ?" అన్నాడు.

"రాత్రి కాణ్నుంచి కళ్లు తెరవనేదు బాబూ. సికాకోలు ఆస్పత్రికి బండి కట్టించాల. నాను అడుక్కోడానికి రానేదు. ఇవి మారిసి ఇయ్యి, సాలు."

ఆమె దానం పుచ్చుకోదు. బోణీ కానిదే గల్లాపెట్టెలోంచి పైసా తీయడం తాతయ్య ఎరగడు. ఆయన మూటలోంచి ఒక నోటు అందుకున్నాడు. "ఇలాటివి నాను దాసుకుంటాను. ఇదొకటి నాకు అమ్ము. ఇదే నాకు బోణీ" అన్నాడు. నోటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసి, పిడికెడు వెండి రూపాయలు ఆమె కొంగులో పోశాడు. బండీ ఆయనే పిలిచాడు. అప్పటిదాకా ఆయన దాచుకున్న అలాంటి నోటంటూ ఒక్కటీ లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

పాప దక్కలేదు. కొన్నాళ్లకు ఆమె ఒంటరిగా వచ్చి, మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. "దాసుకుంటావు గదా బాబూ, ఇవీ ఉంచు. ఇంక నాకెందుకు?" అంది. తాతయ్య తలెత్తలేకపోయాడు. అన్న మాట అబద్ధం కాకూడదనుకున్నాడో ఏమో, ఆ తర్వాత రంగం నుంచి ఎవరు అలాంటి నోట్లు తెచ్చినా ఒకటి కొన్నాడు.

అవన్నీ ఇప్పుడు నా దగ్గరున్నాయి. సేకరణ సరదా ఉన్నవాళ్లు వచ్చి, భూతద్దం పెట్టి చూసి, మడతలు పడ్డాయని బేరమాడతారు. నేను అమ్మను. మొన్న పెద్దనోట్లు రద్దయి, గడువు కూడా దాటాక, బ్యాంకు మెట్ల దగ్గర ఒక ముసలమ్మ నలిగిన నోటు చూపించి సెల్లుతాదా అని అడిగింది. జవాబు నాకు తెలుసు. అది చెప్పేముందు ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి, ఏం అవసరం తరుముకొచ్చిందో అడిగాను.